మా డాన్సు పంతులమ్మ నిలబడే తీరు

మంగళవారం పొద్దున స్కూలు ఆఫీసులో కూర్చుని టీసీలు రాస్తుంటే మా వీధి దర్జీ సాయిబు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మెళ్ళో టేపు అలాగే వేలాడుతోంది. పని మధ్యలో లేచి వచ్చాడని తెలుస్తూనే ఉంది.

"పంతులుగారూ, అక్క ఎల్లిపోయింది," అన్నాడు.

నేను తలూపి, చేతిలో ఉన్న టీసీలో మిగిలిన రెండు గళ్ళూ పూర్తి చేసి, కలానికి మూత పెట్టి, అప్పుడు లేచాను. ఎందుకలా చేశానో నాకే తెలియదు. ఏడుపు రాలేదు. రెండేళ్ళుగా మోస్తున్నదేదో దించేశాక భుజం నొప్పి తెలిసొచ్చినట్టు ఒళ్ళంతా అలసట కమ్ముకుంది, అంతే.

పోయినావిడ మా ఊరి డాన్సు పంతులమ్మ. అరవై ఇంకా నిండలేదు. పక్షవాతం వచ్చి రెండేళ్ళు మంచంలో ఉంది. శారదానది ఒడ్డుకి ఆవిడ వెంట నడిచినవాళ్ళం ఎక్కువమంది లేము. ఆవిడ తోబుట్టువు కొడుకు వచ్చి తలకొరివి పెట్టాడు. సాయిబు చివరిదాకా మాతోనే ఉన్నాడు. అనకాపల్లిలో ఇన్నేళ్ళుగా ఎంతమంది ఆడపిల్లలు ఆవిడ దగ్గర అడుగులు నేర్చుకున్నారో! పెళ్ళిళ్ళయి తలో ఊరూ వెళ్ళిపోయారు. చాలామందికి కబురు కూడా అందలేదు. ఆవిడ గురించి నాలుగు మాటలు రాసేవాళ్ళు ఇంకెవరూ లేరనిపించి నేను రాస్తున్నాను. తొమ్మిదేళ్ళు ఆవిడ క్లాసుకి మృదంగం వాయించాను. మధ్యలో ఏడాదిన్నర వాయించలేదు. అది ఎందుకో కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇది రాయడం దండగ.

ఆవిడది నాట్యమే బతుకైన కుటుంబం. వాళ్ళ అమ్మమ్మా, అమ్మా పెళ్ళిళ్ళలోనూ గుళ్ళలోనూ జమీందార్ల ఇళ్ళలోనూ ఆడారు. ఆవిడా ముప్ఫయి అయిదు దాటేదాకా ఆడింది. తర్వాత ఆ ఇళ్ళవాళ్ళు అలా ఆడకూడదని చట్టం వచ్చింది, మేళాలు ఆగిపోయాయి. గజ్జెలు పెట్టెలో పెట్టేసి, సాయిబు కొట్టుకి కాజాలు కుట్టి ఇస్తూ చాలా ఏళ్ళు గడిపింది. సాయిబుకి ఆవిడ అక్క అయింది అలాగే. చివరికి ఊళ్ళో ఒక డాక్టరుగారి భార్య తన ఇద్దరాడపిల్లలకి నేర్పమని అడిగితే, బెల్లం మార్కెట్టు వెనక సందులో తన ఇంటి ముందుగదిలోనే క్లాసు మొదలెట్టింది. స్కూల్లో గుమాస్తా పని చేసుకుంటూ సాయంత్రాలు భజనల్లో మృదంగం వాయించుకునే నన్ను రమ్మని కబురంపింది.

మొదటిరోజు ఆవిణ్ణి చూసి నిరాశపడ్డాను. పొట్టి మనిషి. లావు. మొహం మీద స్ఫోటకం మచ్చలు. ఒక కన్ను రెండోదానికంటే కొంచెం చిన్నది. రంగు వెలిసిపోయిన నేతచీర. ఈవిడేం నేర్పుతుందిలే అనుకుంటూ శ్రుతి చేసుకున్నాను. ఆ రోజు పిల్లలకి ఒక పదంలో మొదటి చరణం చెబుతోంది. వస్తానన్నవాడి కోసం ఒకామె గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తుంది. పిల్లలు చెయ్యి నుదుటికి ఆనించి, అటూ ఇటూ మెడలు తిప్పి తెగ వెతికేస్తున్నారు. ఆవిడ "ఉండండమ్మా" అని లేచి, ఆ గది గుమ్మానికి ఒక చెయ్యి ఆనించి నిలబడింది.

నిలబడింది, అంతే. మెడ తిప్పలేదు, చెయ్యి ఎత్తలేదు. కాసేపటికి నాకు వీధిలోకి చూడాలనిపించింది, ఎవరో రావాలి కదా అని. నిజంగానే తలతిప్పి చూశాను. ఈలోగా నా చేతులు ఆగిపోయాయి.

"ఏటి పంతులుగారూ, తాళం ఒదిలేసేరు?" అంది ఆవిడ, గుమ్మం మీంచి చెయ్యి తియ్యకుండానే. పిల్లలందరూ నవ్వారు.

క్లాసుకి వచ్చే పిల్లల్ని వీధి మలుపు దగ్గర్నించే చూసేది ఆవిడ. ఎలా నడుస్తున్నారు, చెప్పులు ఎలా విడుస్తున్నారు, లోపల ఎవరున్నారోనని తొంగిచూస్తున్నారా లేక నేరుగా వచ్చేస్తున్నారా, ఇవన్నీ గమనించేది. "అడుగులు నేనిత్తాను. అయి ఎవరికైనా వత్తాయి. మనిషిని మాత్రం ఇంటికాణ్ణించి ఎవరికి వాళ్ళే తెచ్చుకోవాలి," అనేది. క్లాసు మొదలెట్టేముందు పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఏమీ చెయ్యకుండా కాసేపు ఊరికే నిలబడమనేది. అది వాళ్ళకి మహా కష్టంగా ఉండేది. ఒకతె గోక్కునేది, ఒకతె ఓణీ సర్దుకునేది, ఒకతె నవ్వేది. "ఊరికే నిలబడ్డం రానోళ్ళకి ఆడ్డం ఏటొత్తాది?" అని విసుక్కునేది.

మా పెద్దమ్మాయి తొమ్మిదో ఏట ఆ వరసలో చేరింది. దానికి నిలబడడం రాకపోవడమనే మాటే లేదు. చెప్పినంతసేపూ కదలకుండా నిలబడేది. ఏది చెప్పినా ఒక్కసారికే పట్టేసేది. అయిదేళ్ళలో ఒక్కనాడు కూడా అడుగు తప్పడం నేను చూడలేదు. మృదంగం వాయించేవాడికి అలాంటి పిల్ల దొరకడం వరం. నా కూతురే కావడంతో నా గర్వానికి అంతు లేదు.

ఆ పిల్లల్లోనే బుచ్చయ్యపేట నించి వచ్చినమ్మాయి ఒకతె ఉండేది. చెరుకు రైతుల ఇంటిపిల్ల. చదువు కోసం ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండేది. పాదం సరిగా పడేది కాదు. సగంలో అడుగు మరిచిపోయి, "అయ్యో, మర్సిపోనానండీ," అని పకపకా నవ్వేది. నాకు చిరాకు. కాని ఒక విషయం నాకు చాలా రోజులు మింగుడుపడలేదు. ముందు వరసలో మా అమ్మాయి ఆడుతుండేది, వెనక వరసలో ఆ పిల్ల. నా కళ్ళు వెనక వరసకే పోయేవి. లాక్కుని మా అమ్మాయి మీద పెట్టేవాణ్ణి. మళ్ళీ జారిపోయేవి. తాళం కోసం చూస్తున్నానని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

మా అమ్మాయికి పధ్నాలుగో ఏడు వచ్చింది. ఊళ్ళో లైబ్రరీ వార్షికోత్సవానికి ఒక పదం, ఒక్క అమ్మాయి చేత చేయించమని వాళ్ళు అడిగారు. సహజంగా మా అమ్మాయే అనుకున్నాను. ఇంట్లో మా ఆవిడ చీర కూడా తీసి పెట్టేసింది. పంతులమ్మ బుచ్చయ్యపేట పిల్లని పెట్టింది.

క్లాసయ్యాక అడిగాను. "ఆ అమ్మాయికి తాళమే నిలవదు కదమ్మా. మా అమ్మాయిని పెట్టకపోవడానికి కారణమేమిటి?"

"మీ అమ్మాయి ఒక్క అడుగు తప్పదు పంతులుగారూ. నాకు తెలీదా? కానీ అడుగులున్నాయి, పిల్ల లేదు. ఎక్కడో దాక్కుంది. అది బయటికి రావాలి. నేను చూత్తన్నాను."

"దాక్కోవడమేమిటి?"

"ఆ బుచ్చయ్యపేట పిల్ల తప్పు చేసినా ఆ తప్పులో ఆ పిల్ల ఉంటాది. చూసేవోళ్ళకి కావలసింది అదే."

అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాస్తున్నాను. ఇంతవరకూ మా ఆవిడకి కూడా చెప్పలేదు. "మీ ఇళ్ళల్లో ఆడడమంటే మగవాళ్ళ కళ్ళు లాగడం. ఆ విద్య మా పిల్లకి రాకపోవడమే మంచిది," అన్నాను.

ఆవిడ మొహంలో ఏమీ మారలేదు. చేతిలో ఉన్న తాళాలకి దారం చుట్టి పక్కన పెట్టింది. "అమ్మాయి లోపల గజ్జెలిప్పుకుంటంది. మెల్లిగా మాటాడండి," అంది.

అంతే. మృదంగం చంకన పెట్టుకుని, మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చేశాను.

వార్షికోత్సవానికి వెళ్ళకూడదనుకున్నాను గాని, సాయంకాలం కాళ్ళు అటే నడిచాయి. హాలు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. యలమంచిలి నించి ఎవరినో పిలిపించి మృదంగం వాయింపించారు. ఆ పిల్ల ఆడుతూ ఆడుతూ రెండో చరణంలో, నేననుకున్నట్టే, అడుగు మరిచిపోయింది. మరిచిపోయి ఆగిపోయింది. ఇప్పుడేం చేస్తుందా అని చూస్తున్నాను. కంగారు పడలేదు. అలిగినట్టు మొహం పక్కకి తిప్పుకుని, అక్కడ లేని ఒక మనిషిని ఓరగా చూస్తూ, పాట తనని అందుకునేదాకా అలాగే నిలబడింది. హాల్లో ఒక్కరూ దగ్గలేదు.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి మేలుకునే ఉంది. "ఎలా చేసింది నాన్నా?" అంది.

"అడుగు తప్పింది."

"నేనడిగింది అది కాదు," అని పక్కకి తిరిగి పడుకుంది.

ఏడాదిన్నర నేనా సందులోకి వెళ్ళలేదు. స్కూలుకి వేరే దారిన తిరిగి వెళ్ళేవాణ్ణి. దూరం ఎక్కువ. వెళ్ళి క్షమించమని అడగడం అంతకంటే దూరమనిపించేది. ఈలోగా బుచ్చయ్యపేట పిల్లకి కోటవురట్ల సంబంధం వచ్చి పెళ్ళయిపోయింది. ఒకరోజు సాయిబు మా ఇంటికి వచ్చి, అక్కకి పక్షవాతం వచ్చిందనీ, ఎడంపక్క పూర్తిగా పడిపోయిందనీ చెప్పాడు. అది విన్నాక కూడా నాలుగు రోజులు తాత్సారం చేశాను.

వెళ్ళేసరికి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. నోరు ఒక పక్కకి లాగేసింది. మాట ముద్దగా వస్తోంది. మంచం పక్కన నిలబడి, చెప్పాలనుకున్నవేవీ చెప్పలేకపోయాను. ఆవిడే నన్ను చూసి, "వచ్చేరా," అంది. "మీరన్న మాట నేను మర్చిపోలేదు పంతులుగారూ. మర్చిపోను కూడాను. కూర్చోండి," అంది.

కూర్చున్నాను. ఆ మాట ఆవిడ మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. క్షమించానని అనుంటే నాకు తేలికగా ఉండేది. ఆవిడ నాకు కూర్చోడానికి చోటు మాత్రమే ఇచ్చింది. అదే పెద్దదని ఇప్పుడనిపిస్తుంది.

మర్నాటి నించి నేనూ మా అమ్మాయీ మళ్ళీ వెళ్ళడం మొదలెట్టాం. చిన్నపిల్లలు అయిదారుగురు మిగిలారు. మా అమ్మాయే వాళ్ళకి అడుగులు చెప్పేది. మంచం ముందుగదిలోకి మార్చాం. ఆవిడ పడుకునే చూసేది. ఆ రెండేళ్ళూ ఎలా గడిచాయో వివరంగా రాసే ఓపిక లేదు. పొద్దున్న ఆఫీసు, సాయంత్రం క్లాసు, తర్వాత సాయిబూ నేనూ కలిసి ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టడం, మా అమ్మాయి నూనె రాసి చేతులూ కాళ్ళూ పట్టడం. కొన్ని రోజులు విసుగొచ్చేది. ఆవిడకీ వచ్చేది. "ఈ చెయ్యి కోసి పారేద్దురూ," అనేది, పడిపోయిన ఎడంచెయ్యి చూపించి.

ఒక శుక్రవారం సాయంత్రం పిల్లలకి అదే పదం, గుమ్మంలో ఎదురుచూసే ఆమె పదం, చెబుతోంది మా అమ్మాయి. చివరి చరణంలో అతను వస్తాడు. వచ్చి పక్కనే కూర్చుంటాడు. కాని అతని మనసు ఇంకెక్కడో ఉంది. అది పిల్లలకి అందడం లేదు. మా అమ్మాయి పదిసార్లు చూపించింది, పదిసార్లూ ఒక్కలాగే. సాయిబు ఎవరిదో జాకెట్టు ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో ఉన్నాడు.

"నన్ను లేపండి," అంది పంతులమ్మ.

సాయిబూ నేనూ పట్టుకుని కింద చాప మీద గోడకి ఆనించి కూర్చోబెట్టాం. మా అమ్మాయిని పాడమంది. నేను మృదంగం దగ్గరికి తీసుకున్నాను. ఆవిడ కుడిచెయ్యి ఒక్కటే కదులుతుంది. మొహంలో సగమే పలుకుతుంది. ఇదేం చూడాలిరా భగవంతుడా అనుకుంటూ తల వంచుకుని వాయిస్తున్నాను. పాట చివరి చరణానికి వచ్చింది. కుడిచేత్తో తన ఎడంచెయ్యి ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది ఆవిడ. అలవాటైన కదలికే, రోజూ చేసేదే. కాని ఈసారి ఆ చెయ్యి ఆవిడది కాదు. అతనిది. దాన్ని నిమిరింది. వేళ్ళు ఒకటొకటే విప్పి తన వేళ్ళు కలుపుకుంది. అది పట్టుకోలేదు. బుగ్గకి ఆనించుకుంది, అది జారిపోయింది. మళ్ళీ ఆనించుకుంది. మళ్ళీ జారింది. అప్పుడు దాన్ని ఎంతో మర్యాదగా, పరాయివాళ్ళ వస్తువు తిరిగి ఇచ్చేస్తున్నట్టు, తన పక్కన చాప మీద పెట్టేసి, వీధిలోకి చూసింది.

పాట ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. సాయిబు జాకెట్టుతో మొహం కప్పుకున్నాడు. పిల్లల్లో అందరికంటే చిన్నది మెల్లిగా వెళ్ళి చాప మీదున్న ఆ చేతిని ముట్టుకుని చూసింది.

"అలిసిపోయేను. పడుకోబెట్టండి," అంది ఆవిడ.

ఆ రోజు ఇంటికి బయలుదేరేముందు మా అమ్మాయి మంచం అంచున కూర్చుని అడిగింది. "అమ్మమ్మా, నాకది రాదు కదూ?"

"ఏమోనమ్మా. నువ్వు మంచిపిల్లలాగ ఆడతావు. ఎవరూ ఏమీ అనకుండా ఆడతావు. అన్నా పరవాలేదనుకున్న రోజున చూడాలి."

ఆ రోజు వస్తుందని నేననుకోలేదు. కొన్నాళ్ళకి ఒక పిల్ల తండ్రి క్లాసు జరుగుతుండగా వచ్చాడు. వీధిలో నిలబడే, తన కూతుర్ని బయటికి రమ్మన్నాడు. "ఇయి ఎలాటి ఇళ్ళో నాకు తెలీదనుకున్నారేటి? ఇక్కడ నేర్పేది డాన్సు కాదు, మగాళ్ళని పడేసే ఇద్య," అన్నాడు. పంతులమ్మ మంచం మీద కళ్ళు తెరుచుకుని వింటోంది. నేను లేవాలి. ఏ మొహంతో లేస్తాను?

మా అమ్మాయి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

"ఈ మాట మా నాన్న కూడా అన్నారండి. ఈ గదిలోనే. నేను లోపల ఉండి విన్నాను. ఆ రోజు నోరెత్తలేదు. అందుకని ఇవాళ మీకు చెబుతున్నాను. పిల్లని తీసుకెళ్ళాలంటే తీసుకెళ్ళండి, మీ ఇష్టం. కాని ఆ మాట వెనక్కి తీసుకుని మరీ వెళ్ళండి."

గొంతు పెంచలేదు. గుమ్మానికి చెయ్యి కూడా ఆనించలేదు. ఆ మనిషి నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. అతను నోట్లో ఏదో గొణిగి, పిల్లని అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

"అదిగో," అంది పంతులమ్మ మంచం మీంచి. "అదిగో, వచ్చింది. పంతులుగారూ, చూసేరా? ఎన్నాళ్ళకి బయటికొచ్చిందో!" మొహంలో పలికే సగం వెలిగిపోతోంది.

ఆ తర్వాత మా అమ్మాయి నాట్యం మారిపోయిందని రాస్తే బాగానే ఉంటుంది. పెద్దగా మారలేదు. ఇప్పటికీ ఒక్క అడుగు తప్పదు. ఎప్పుడో ఒకసారి, పదంలో ఒకచోట, ఆ రోజు గుమ్మంలో నిలబడిన పిల్ల కనిపించి మాయమవుతుంది. అప్పుడు నా చేతులు ఆగకుండా చూసుకోవలసి వస్తుంది. ఆ తండ్రి వచ్చి వెళ్ళిన రోజు ఇంటికి వచ్చాక ఆ మాట గురించి దానికి నేనేమీ చెప్పుకోలేదు, అదీ అడగలేదు. మర్నాడు మామూలుగా ఇద్దరం కలిసి క్లాసుకి వెళ్ళాం.

పంతులమ్మ పోయిన పదో రోజున కోటవురట్ల నించి ఆ బుచ్చయ్యపేట అమ్మాయి చంటిపిల్లతో వచ్చింది. ఆవిడ మంచం ఉన్నచోట కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఇప్పుడేమైనా ఆడుతున్నావా అని అడిగాను. "ఎక్కడ పంతులుగారూ, గేదెలు, పాలు, ఇదీ," అని ఒళ్ళో పిల్లని చూపించింది. "ఓసారి పాకలో ఎవరూ లేరని సేసేను. గేదెలు మేత ఆపి సూసేయండి," అని ఏడుపులోనే నవ్వింది. తెలియకుండానే నేనూ నవ్వాను. ఇంత తేలిగ్గా వచ్చినదాన్ని అంత తేలిగ్గా వదిలేసుకుంది. కష్టపడి కూడా రానిదాన్ని మా అమ్మాయి పట్టుకుని వేలాడుతోంది. దీనికి అర్థమేమిటో పంతులమ్మని అడిగి ఉండవలసింది.

పంతులమ్మ పోయే ముందు మాఘమాసంలో ఒక మధ్యాహ్నం ఎండలో కూర్చుంటానంది. సాయిబూ నేనూ కుర్చీతో సహా ఎత్తి అరుగు మీద పెట్టాం. తల దువ్వలేదు. భుజాల మీద పాత దుప్పటి. ఆవిడ ఏమీ చెయ్యడం లేదు, వీధికేసి చూస్తోంది. మార్కెట్టుకి వెళ్ళే బెల్లం బండి ఒకటి సందులోకి వచ్చింది. బండివాడు అరుగు దాకా వచ్చి ఎద్దుల్ని ఆపాడు. ఆవిణ్ణి చూసి, ఇంటి లోపలికి చూసి, మళ్ళీ ఆవిణ్ణి చూశాడు.

"ఏటి బాబూ, ఇక్కడేటైనా జరగబోతందా?" అని నన్ను అడిగాడు.

"ఏమీ లేదు. ఎండకి కూర్చున్నారు," అన్నాను.

అతను సరేనన్నట్టు తలూపాడు గాని కదల్లేదు. పగ్గాలు పట్టుకుని అలాగే చూస్తున్నాడు. వెనకాల ఇంకో బండి వచ్చింది. దాన్ని తోలుకొచ్చినవాడు దారి కోసం కేకెయ్యబోయి, అరుగుకేసి చూసి, వాడూ ఊరుకున్నాడు.